ఎదురుకాళ్ళ మాణిక్యమ్మ మెడ

బందరు చిలకలపూడిలో ఎవరికి మెడ పట్టేసినా ముందు గుర్తొచ్చేది మందుల షాపు కాదు, మాణిక్యమ్మ. ఆవిడ తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు పెట్టి వచ్చింది. అలా పుట్టినవాళ్ళు పొద్దున్నే పళ్ళు తోముకోకముందు ఎడమకాలి మడమ తాకిస్తే ఎంతటి పట్టయినా వదిలిపోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఎలా పుట్టాలో ఆవిడేమైనా ఎంచుకుందా చెప్పండి. అయినా ఆ పుట్టుక ఆవిడను పొద్దున్నే నిద్ర లేపుతూనే ఉంది.

తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరో ఒకరు తల ఓ పక్కకు వాల్చుకుని నిలబడి ఉండేవారు. ఎక్కువగా వచ్చేది ఎస్టీడీ బూత్ పిచ్చేశ్వరరావు. రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులతో చిల్లర లెక్కపెట్టడం ఆయన అలవాటు. చేపల గంప నెత్తిన మోసే జ్ఞానమ్మ వచ్చేది. పరీక్షలకని మంచం మీద బోర్లాపడి చదివిన పిల్లలు వచ్చేవారు, బస్సులో నిద్రపోయి మెడ విరగ్గొట్టుకున్నవాళ్ళు వచ్చేవారు. చాప పరిచి బోర్లా పడుకోబెట్టి, గోడ పట్టుకుని నిలబడి, మడమ అలా ఆనించి తీసేది. వాళ్ళు కాసేపు అక్కడే పడుకుని లేచి, "పోయిందండీ, చేత్తో తీసేసినట్టు పోయింది" అంటూ వెళ్ళేవారు. ఈ వైద్యానికి డబ్బు పుచ్చుకోకూడదు. కాబట్టి ఆవిడకు మిగిలేది పొద్దుటి పని ఆలస్యం కావడం ఒక్కటే.

ఈ కీర్తికంతటికీ కారకుడు మొగుడు బసవయ్య. కోనేరు సెంటర్లో ఆయనకు సైకిల్ షాపు ఉంది. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాడు మెడ రుద్దుకుంటే చాలు, "రేప్పొద్దున మా ఇంటికి రండి, మా ఆవిడ కాలు పెడుతుంది" అనేసేవాడు. కాలు పెట్టాల్సినవాళ్ళను అడగడం ఆయనకు తోచేది కాదు.

మాణిక్యమ్మ అసలు పని రోల్డుగోల్డు నగలకు రాళ్ళు అతకడం. నగల వ్యాపారి వెంకటాద్రి గారి దగ్గర్నుంచి పళ్ళెంలో హారాలు, దుద్దులు తెచ్చుకుని ఇంట్లో నేలమీద కూర్చుని, ముందు ఓ పొట్టి పీట వేసుకుని, సన్నటి పట్టకారుతో ఆవగింజంత రాళ్ళు ఒక్కొక్కటే గూట్లో పెట్టేది. పీట మోకాలంత ఎత్తు కూడా ఉండదు. పొద్దున వంచిన తల దీపాలు పెట్టేవేళకు గానీ లేచేది కాదు. లేచేటప్పుడు మెడలో సలుపు మొదలై భుజం దాటి మోచేతి దాకా దిగేది. రాత్రి ఏ పక్కకు తిరిగినా నిద్ర లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మెడలు బాగుచేసే మనిషికి మెడ నొప్పి అంటే నలుగురూ నవ్వుతారని సిగ్గు. పైగా తన కాలు తన మెడకు అందదు.

ఈమధ్య కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. రాళ్ళు వంకరగా కూర్చుంటున్నాయి. కిందటిసారి పళ్ళెం చూసి వెంకటాద్రి గారు మెత్తగానే అన్నారు. "మాణిక్యమ్మ గారూ, ఇంకోసారి ఇలా వస్తే ఈ పని వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుందండీ. ఏమనుకోకండి."  ఈ పని పోతే ఆవిడకు ఇంకో పని చేతకాదు.

గుడివాడలో కూడా ఒక ఎదురుకాళ్ళ మనిషి ఉందని, పేరు జైతూన్ బీ అని, జాకెట్లు కుడుతుందని జ్ఞానమ్మ ఒకసారి చెప్పింది. మాణిక్యమ్మ మొగుడికి చుట్టాలింటికని చెప్పి బస్సెక్కింది. దారి పొడుగునా ప్రతి గుంతా ఆవిడ మెడను పలకరించింది.

జైతూన్ బీ మిషను మీద ఉంది. తనకంటే పెద్దావిడ. మాణిక్యమ్మ గుమ్మంలోనే చెప్పేసింది.

"మెడ నొప్పమ్మా. మీ కాలు తాకిస్తారని బందరు నుంచి వచ్చాను."

"బందర్లో ఎదురుకాళ్ళ మాణిక్యమ్మ ఉందిగా, ఇంత దూరం ఎందుకొచ్చావ్?"

"నేనే మాణిక్యమ్మనండీ."

జైతూన్ బీ మిషను ఆపేసింది. "అయ్యో తల్లీ. ఆరోజుల్లో నాకు మెడ పట్టినప్పుడల్లా నీ దగ్గరికే రావాలనుకునేదాన్ని." ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే మాణిక్యమ్మకు మెడ కలుక్కుమంది.

"మరి ఎలా తగ్గిందండీ?"

"డాక్టరు గారు మందులకంటే ముందు తిట్లు రాసిచ్చారు. పని కళ్ళ దగ్గరికి రావాలి గానీ తల పని దగ్గరికి వంగకూడదన్నారు. అదుగో, మిషను కింద ఇటుకలు పెట్టించాను. ఒక్కో జాకెట్టు అవగానే లేచి నాలుగడుగులు వేస్తాను, భుజాలు తిప్పుతాను. రెండు దిండ్లు తీసేసి పల్చటిది ఒకటే వేసుకుంటున్నాను. సాయంత్రం ఉప్పు వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టుకుంటాను. నీకు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?"

"ఎక్కుతున్నాయమ్మా."

"అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళు, నా కాలు దగ్గరికి కాదు. తిమ్మిరిని అశ్రద్ధ చేయకూడదు. మన కాళ్ళలో ఏముందో నాకు తెలియదు గానీ, మన దగ్గరికొచ్చినవాళ్ళు అంతసేపూ ఊరికే పడుకుంటారు చూడు, అది మనకే దొరకదు. ఇలా పడుకో."

చాప పరిచి, వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద తువ్వాలు చుట్టి పెట్టింది. కాలు పెట్టలేదు. తిరిగి వెళ్ళి కుట్టుకుంటూ కూర్చుంది. మిషను చప్పుడు వింటూ మాణిక్యమ్మ ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో ఆవిడకు తెలుసు. చిలకలపూడిలో సగంమందిని చాప మీద పడుకోబెట్టింది. తనను పడుకోమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

మర్నాడు పొద్దున్న గుమ్మంలో పిచ్చేశ్వరరావు తయారు. బసవయ్య లోపలికొచ్చి చూస్తే, రోగుల చాప మీద పెళ్ళాం వెల్లకిలా పడుకుని ఉంది.

"లేవవే, పిచ్చేశ్వరరావు గారొచ్చారు."

"నాకు మెడ నొప్పిగా ఉందండీ."

బసవయ్య నవ్వాడు. "నీకు మెడ నొప్పేమిటే?"

"పెద్దాడు కడుపులో ఉన్నప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు వేళ్ళు కూడా తిమ్మిరెక్కుతున్నాయి. ఈ పళ్ళెం సరిగ్గా ఇవ్వకపోతే పని పోతుంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. పీట వంక చూశాడు. ఇన్నేళ్ళుగా తాను ఇంటికొచ్చి చూసేది పెళ్ళాం పాపిడినే గానీ మొహాన్ని కాదని అప్పుడు తట్టింది.  తిరిగి గుమ్మంలోకి వెళ్ళాడు.

"ఇవాళ లేదండీ. మా ఆవిడ పడుకుంది."

"మరి నా మెడ సంగతి?"

"ఫోను చేత్తో పట్టుకోండి."

పిచ్చేశ్వరరావు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఆరోజు బసవయ్య షాపు తెరవలేదు. ఆవిడను డాక్టరుకు చూపించి తీసుకొచ్చి, పెరట్లోంచి ఇటుకలు మోసి, పీట కింద వరసలు పేర్చాడు. ఎత్తు చాలిందో లేదో తెలియక ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చుని చూశాడు. మాణిక్యమ్మ ఒక రాయి పెట్టింది. వేళ్ళలో తిమ్మిరి అలాగే ఉంది, మెడలో సలుపూ అలాగే ఉంది. రాయి మాత్రం తిన్నగా కూర్చుంది.

"చాలిందా?" అన్నాడు బసవయ్య.

ఆవిడ తల ఎత్తే పని లేకుండానే ఆయన వంక చూసింది. ఆయన జుట్టంతా నెరిసిపోయింది. ఎప్పుడు నెరిసిందో ఆవిడ చూడనేలేదు.