పిన్ని కోసం తిరగరాసిన యుద్ధం

మొన్న ఆదివారం మా అమ్మాయి స్నేహితులతో ముందుగదిలో చాప పరుచుకుని, రకరకాల పాచికలు దొర్లిస్తూ, లావుపాటి రంగుల పుస్తకం తిరగేస్తూ, రెండు గంటలైనా ఒక్క యుద్ధం తెమలడం లేదని విసుక్కుంటుంటే నాకు నవ్వాగలేదు. ఒకరు కథ నడుపుతుంటే తక్కినవాళ్లు తలా ఒక వేషం కట్టి, ఏం చేస్తారో నోటితో చెప్పి, ఫలితం పాచికలకు వదిలేసే ఆ ఆటని ముప్ఫై అయిదేళ్ల కిందటే, ముదలియార్‌పేటలో మా మేడమీద, నేనే నడిపించాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

అప్పుడు నాకు ఆఫీసులో కొత్తగా టైపిస్టు ఉద్యోగం. అన్న మద్రాసు నుంచి ఎవరిదో నియమాల పుస్తకం జిరాక్సు తెచ్చాడు. అందులోని మంచుకొండలు మనకెందుకని కథని మా పక్కనే ఉన్న మురుంగపాక్కం ఏటికి మార్చేశాను. ఆడేది అన్న, వదిన, మా పిన్ని. బాబాయి పోయి అప్పటికి ఏడాది కాలేదు. మిల్లులో పని, ఇల్లు తప్ప మూడో చోటు ఎరగని పిన్ని మా మేడమీదకి మాత్రం వచ్చి, తెడ్డుతో రాక్షసుల్ని మోదే పడవమనిషి వేషం కట్టి, పగలబడి నవ్వేది. ఆ నవ్వు వినాలనే అమ్మ ప్రతి ఆదివారం మాకు బజ్జీలు వేసిపెట్టేది.

నా తెలివి చూడండి. తాతయ్య నేర్పిన తెలుగు రాత చూపించుకోవాలని, ఎవరి బలం ఎంతో, ఏ దెబ్బకి ఎంత పోతుందో గుండ్రటి అక్షరాలతో రాసి తలా ఒక కాగితం ఇచ్చాను. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే గాని, బడి చదువులు తమిళంలో కావడంతో చదవడం నాకు తప్ప ఒక్కరికీ రాదు. చివరికి బలాన్నంతా చింతగింజలుగా లెక్కపెట్టి వాళ్ల ఒళ్లో పోశాను.

అసలు పొరపాటు అది కాదు. ఒకరోజు రాతిభూతంతో పోరులో పిన్ని గింజలన్నీ అయిపోయాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, నీ మనిషి చచ్చిపోయింది పిన్నీ అనేశాను. ఆమె లేచి మెట్లు దిగిపోయింది. ఇంటికెళ్లి, చావు కబురు విన్నట్టు తలకి పోసుకుందని తరువాత వదిన చెబితే, నవ్వబోయిన అన్న మధ్యలోనే ఆగిపోయాడు. ఆ మాట ఎవరితో అన్నానో అప్పుడు తెలిసొచ్చి సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పిన్ని రెండు ఆదివారాలు రాలేదు. బదులుగా ఇంకొకర్ని పిలుద్దామని మాలో ఎవరూ అనలేదు. కథని అక్కడే ఆపేసి కూర్చున్నాం.

ఆఫీసులో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని వారమంతా నియమాలు తిరగరాశాను. దారి చూపింది గవ్వలతో ఆడే మన దాయం ఆటే. అందులో కాయని కొడితే చావదు కదా, ఇంటికి పోతుంది, ఒక్కటి పడితే, అంటే దాయం పడితే, మళ్లీ దిగుతుంది. నా యుద్ధంలోనూ పాచికలు పక్కన పెట్టి గవ్వలు తెచ్చాను. గింజలయిపోయిన మనిషి పడిపోతుంది, దాయం పడితే లేస్తుంది. ఇంకోసారి వేయాలంటే మాత్రం తోటివాళ్లు తమ బలంలోంచి ఒక గింజ వదులుకోవాలి. ఈ కొత్త నియమం పట్టుకుని పిన్ని ఇంటికెళ్లాను.

"ఏందే, పొయినోళ్లని లేపేదానికి నువ్వు యాడ నేర్చినావు?" అంది మొహం తిప్పుకునే.

"పోలా పిన్నీ, పడిందంతే. లేపాల్సింది మేమే," అన్నాను.

ఆ ఆదివారం పిన్ని వచ్చింది. గవ్వలు వేస్తే దాయం పడలేదు. అన్న ఒక గింజ వదిలాడు, అప్పుడూ పడలేదు. వదిన దగ్గర మిగిలినవి రెండే, అందులో ఒకటి తీసి ముందు పెట్టింది. ఈసారి పడింది. పిన్ని నిజంగానే లేచి నిలబడి, లేని తెడ్డు పైకెత్తి పెట్టిన కేకకి అమ్మ పిండిచేతులతోనే మేడెక్కి వచ్చేసింది. ఆ తరువాత నాకు ప్రమోషన్లొచ్చాయి, రిటైరయిన రోజు శాలువా కప్పారు, ఏదీ ఆ కేకకి సాటిరాలేదు. మిల్లులో ఆడవాళ్లకి కూడా పిన్ని ఈ ఆట నేర్పింది, మా అక్క కూతురు రాసిన రూలు అని పదిసార్లు చెప్పి మరీ.

ఇదంతా విని మా అమ్మాయి ముచ్చటపడింది, ఆ రూలు తమ ఆటలోనూ పెట్టుకుంటామంది. పిల్లలు చురుకైనవాళ్లు, లెక్కలకి ఫోనుంది, కథలూ మాకంటే బాగా అల్లుతారు. పోయిన నెల వాళ్లలో ఒక పిల్ల అలిగి మానేస్తే, గ్రూపులో మెసేజి పెట్టి సాయంత్రానికల్లా ఊరికి ఆ కొసనున్న కదిర్కామం నుంచి ఇంకో పిల్లని తెచ్చుకున్నారట. తప్పనను. మాకు ఇంకొకరు అంత సులువుగా దొరికేవాళ్లు కాదు, అందుకే ఉన్న మనిషిని కాపాడుకున్నామేమో. ఇంతకీ ఆ పిల్ల ఎందుకు అలిగిందని అడిగాను. వాళ్లలో ఒక్కరికీ తెలియదు.