సిమ్ లేని మోడెమ్‌కు వచ్చిన రింగు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్లతో వాదించే ఓపిక కూడా నాకు లేదు. సిద్దిపేటలో కంప్యూటర్లు బాగుచేసే పని నాది. ఏది ఆగిపోయినా ఎక్కడో వైరు వదులై ఉంటుంది, లేదా సెట్టింగు తప్పై ఉంటుంది. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఈ ఒక్కదాని దగ్గర మాత్రం నాకు నోరు లేవడం లేదు.

మా చిన్నమ్మ కూతురు సుజాతక్క ఊరి చివర పాలు చల్లబరిచే సెంటర్ నడుపుతుంది. చుట్టుపక్కల పల్లెల పాలన్నీ ఆమె ట్యాంకులోకే వస్తాయి. ట్యాంకు వేడెక్కితే అక్క ఫోనుకు మిస్డ్ కాల్ ఇవ్వడానికి, సిమ్ కార్డు వేసుకునే పాత మోడెమ్ ఒకటి కంప్యూటర్‌కు తగిలించి ఉంది. అక్క భర్త మల్లేశం బావ ముచ్చటపడి పెట్టించుకున్నది. బావ పాల వ్యాను నడిపేవాడు. పోయిన వానాకాలం దుబ్బాక రోడ్డు మీద యాక్సిడెంట్‌లో చనిపోయాడు.

ఈ ఎండాకాలం కంప్యూటర్ కాలిపోతే, ఇంకొకదానిలో ఉచితంగా దొరికే లినక్స్ సిస్టమ్ వేసి ఇచ్చాను. అంతే, మోడెమ్ మొండికేసింది. మిస్డ్ కాల్ రాక అక్క ట్యాంకును వదిలి ఇంటికి పోలేకపోతోంది. ఇంకొక్కసారి పాలు విరిగితే సెంటర్ ఎత్తేస్తామని డెయిరీ వాళ్లు చెప్పారు. ఆమెకున్న ఆధారం అదొక్కటే.

దాన్ని బాగుచేద్దామని సెంటర్‌కు పోయి కూర్చున్న మధ్యాహ్నం నా ఓపిక చచ్చింది. కేబుల్ మార్చాను, పర్మిషన్ ఇచ్చాను, మోడెమ్ తగిలించిన పోర్టు పేరు సరిచూశాను. ఏం టైపు చేసినా జవాబు లేదు, వస్తే పిచ్చి గీతలు. మోడెమ్, కంప్యూటర్ ఒకే స్పీడులో మాట్లాడుకుంటే తప్ప అక్షరాలు రావు. ఆ స్పీడు ఏదో ఎవరికీ గుర్తులేదు. పోర్టు ఖాళీ కావాలని ట్యాంకును కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్ కూడా ఆపేశాను. సిమ్ మీద అనుమానమొచ్చి, అదీ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

"దీన్ని తీస్కపోయి కోమటి చెరువుల పారేస్తనక్కా," అన్నాను. నిజంగానే పారేయాలనిపించింది.

అప్పుడు తెర మీద ఇంగ్లీషులో రింగ్ అని పడింది. ఒక్క గీత లేకుండా, శుభ్రంగా. కాల్ వస్తే మోడెమ్ చూపించే మాట అది. మళ్లీ ఒకసారి పడి ఆగిపోయింది.

నాకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. సిమ్ నా జేబులో ఉంటే దీనికి కాల్ ఎక్కడి నుంచి వస్తుంది? అదే అక్కతో అన్నాను.

"ఎన్ని రింగులొచ్చినయి తమ్మీ?"

"రెండు."

అక్క ట్యాంకు గదికి ఉరికింది. వెనకే పోయాను. చల్లబరిచే మిషన్ ఆగిపోయి ఉంది. ఫ్యాను రొదలో మా ఇద్దరికీ తెలియనే లేదు. పాలు అప్పుడప్పుడే వేడెక్కుతున్నాయి. మిషన్ మళ్లీ నడిపించాం, పాలు దక్కాయి.

తర్వాత అక్క చెప్పింది. బావ వ్యాను తీసుకుని పోయినప్పుడు ఒక్క రింగిచ్చి కట్ చేస్తే క్షేమంగా చేరినట్టట. రెండిస్తే ఏదో తేడా వచ్చింది, చూసుకో అని.

సాయంత్రానికి సరైన స్పీడు దొరికింది. రింగ్ పడినప్పుడు నేను పెట్టి ఉంచిన స్పీడు అది కాదు. ఆ తప్పు స్పీడే మళ్లీ పెట్టి, సిమ్ తీసి, వేసి, నా ఫోను నుంచి కాల్ చేసి చూశాను. అన్నీ గీతలే. కరెంటు తేడా అయ్యుంటుందని అక్కకు చెప్పాను. ఏ కరెంటు తేడా అయినా అక్షరం పొల్లుపోకుండా మాట రాయదని నాకు తెలుసు.

కొత్త మోడెమ్ పెడతానన్నా అక్క ఒప్పుకోదు. నేను పోయినప్పుడల్లా ఒకటే అడుగుతుంది.

"ఒక్క రింగు ఏమన్న వచ్చిందేమో చూడు తమ్మీ. ఆయన ఆ రోజు చేరినట్టు రింగియ్యలే."

చూస్తనక్కా అని కూర్చుంటాను. ఊరికే ఆమె కోసం కాదు, నిజంగానే చూస్తాను. ఎందుకు చూస్తానో నాకే తెలియదు.