వంటాయన పేజీ

నా చిన్నప్పుడు బిట్రగుంట రైల్వే కాలనీలో ఏడాదికొక ఆదివారం, చర్చిలో ఆరాధన ముగిశాక, పక్కనున్న బడి గదిలో ఒక సంఘం కూడేది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పట్టాలు వేయడానికి మా చుట్టుపక్కల రైల్వే మనుషులు కొందరు ఒక దళంగా వెళ్ళారు. తిరిగొచ్చినవాళ్ళూ, తిరిగిరానివాళ్ళ కుటుంబాలూ కలిసి పెట్టుకున్న సంఘం అది. తుపాకీ పట్టినవాళ్ళ గురించి పుస్తకాలు వస్తాయి గానీ పట్టాలు మోసినవాళ్ళ గురించి ఎవరు రాస్తారని, దళంలో తానూ పనిచేసిన మా తాతయ్య ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాడు. అందులో మనిషికొక పేజీ. ఏటా వాటిని పైకి చదివేవాళ్ళు. ఒక్కో పేజీ అయ్యాక ఆ ఇంటివాళ్ళు లేచి “అవును, మా మనిషే” అనాలి. అప్పుడే తర్వాతి పేజీ.

నాకు పదేళ్ళప్పుడు ఆ పుస్తకానికి చెదలు పట్టింది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, కొత్త పుస్తకంలోకి ఎక్కించే పని తాతయ్య నాకు అప్పగించాడు. ఇక నా కళ్ళు నెత్తికెక్కాయి. దళానికి వంట చేసినాయన పేజీ దగ్గర కలం ఆగింది. విమానం చప్పుడు వింటే వణికేవాడట, పులుసులో చింతపండు ఎక్కువ వేసేవాడట, చివరికి మలేరియాతో అక్కడే పోయాడట. ఇదేం చరిత్ర అనిపించింది. పైగా ఆయన భార్యంటే నాకు ప్రాణం. అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె భర్త పిరికివాడని అందరి ముందూ ఎలా చదువుతారు? మిగతా పేజీలన్నీ ఉన్నవున్నట్టు ఎక్కించి, వంటాయన చేతికి మాత్రం తుపాకీ ఇచ్చాను. ముగ్గురు శత్రువులను చంపించి, గుండెలో తూటా దింపి, వీరమరణం ఇప్పించాను. పాత పుస్తకంలోని చెదలు కొత్తదానికి పాకుతాయని దాన్ని వేన్నీళ్ళ పొయ్యిలో పెట్టేశాను కూడా.

ఆ ఆదివారం చదివింది నేనే. వంటాయన పేజీ దగ్గర నా గొంతు నాకే ముద్దొచ్చింది. పేజీ అయిపోయింది. అవ్వ లేవలేదు. అందరూ తాతయ్య మొహం చూశారు. ఆమె మెల్లగా, “ఇది ఎవురి పేజీ పాపా? మా మనిషిది లేదా?” అని అడిగింది.

ఆమెకు శవం రాలేదు. ఫొటో లేదు. చదువు రాదు. ఏడాదికోసారి ఆ నాలుగు మాటలు వినడానికే కావలి నుంచి వచ్చేది. భర్త ఆమెకు మిగిలింది ఆ పేజీలోనే, దాన్ని నేను పొయ్యిలో పెట్టాను. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

తాతయ్యకు సంగతి అర్థమైంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. గొంతు సవరించుకుని, “వంటాయనంటే బో ధైర్యస్తుడు. విమానం వస్తే బయట నిలబడి చూసేవాడు” అన్నాడు గట్టిగా.

దళంలో పనిచేసిన ఒక ముసలాయన వెనక బెంచీలో ఉన్నాడు. ఊరుకుంటాడా? “యాడ నిలబడినాడన్నా? అన్నం గుండిగ నెత్తిన బోర్లించుకోని కూర్చున్నాడు గదా!” అన్నాడు. గదంతా ఘొల్లుమంది.

పులుసు చప్పగా చేసేవాడని తాతయ్య మళ్ళీ అందుకున్నాడు. చప్పగానా, పళ్ళు పులిసిపోయేవని ఇంకొకాయన కయ్యానికి వచ్చాడు. తాతయ్యకు అన్నీ తెలుసు. కానీ నిజం చెబితే ఆయనొక్కడి మాటే అవుతుంది, తప్పు చెబితే దిద్దడానికి నలుగురూ వస్తారు. ఆ ఎత్తు నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. అప్పుడు మాత్రం ఆయన నా చేయి తట్టి, “రాసుకో” అన్నాడు. గబగబా రాసుకున్నాను.

చివరికి అవ్వే నవ్వుతూ లేచింది. “ఉరిమితేనే మంచం కింద దూరేవాడు. అట్టాంటోడు యుద్ధానికి పోతానన్నాడు. నీకు భయం గదయ్యా అంటే, భయపడతా భయపడతానే వండుతాలే అన్నాడు.”

ఆ మాట పాత పుస్తకంలో లేనే లేదు. అదీ కలిపి, పేజీ మొత్తం మళ్ళీ చదివాను. “అవును, మా మనిషే” అంది అవ్వ, కళ్ళు తుడుచుకుంటూ. నా ప్రాణం కుదుటపడింది.

ఇప్పుడు ఆ పుస్తకం నా దగ్గరుంది. సంఘం వాట్సాప్‌లోకి మారింది. కృష్ణపట్నం పోర్టులో పనిచేసే మునిమనవళ్ళు కూడా తమ ముత్తాతల గురించి రాసి పంపుతుంటారు. అందరూ పులులే, సింహాలే. నేను ఫోన్ చేసి, ఆయనకు దేనికి భయం, ఏ కూర ఇష్టం, ఎవరితో పడేది కాదు అని అడుగుతాను. విసుక్కుంటారు గానీ, మళ్ళీ వాళ్ళే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చెబుతారు. ఎవరినైనా గొప్పవాణ్ణి చేసే తొందరలో ఆ మనిషినే పోగొట్టుకుంటామన్న భయం నాకు ఆనాటి నుంచీ ఉంది. ఈ వయసులోనూ తృప్తిగా చేసే పని ఇదొక్కటే.

మొన్న ఒకమ్మాయి ఫోన్‌లో గొంతు తగ్గించి, “మా ముత్తాత మధ్యలోనే పారిపోయి వచ్చేసినాడంట అవ్వా. అది రాయొద్దులే” అంది.

“పారిపోయి యాడికి వచ్చినాడమ్మా?” అని అడిగాను.

“ఇంటికే” అంది.

“అయితే అదే రాద్దాం” అన్నాను.