పక్క సీటు కింద బ్రేకు

మా పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని కారు నడపడం ఎవరికైనా కష్టమే. నోరు తెరిచి ఏమీ అనదు. కానీ కుడికాలు ఊరుకోదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, టాక్సీలో వెనక కూర్చున్నా, ముందు బండి ఆగుతోందని తోచగానే ఆవిడ పాదం నేలను అదుముతుంది. ఇరవై ఏళ్ళకు పైగా డ్రైవింగ్ స్కూల్లో పనిచేసిన కాలు అది. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారులో కాలు ఎక్కడుందో మరిచిపోతే నేర్పేవాళ్ళు దాన్ని తొక్కుతారు. పిన్ని ఎంత మెత్తగా తొక్కేదంటే, కారు తామే ఆపామనుకునేవాళ్ళు చాలామంది. ఆవిడ కూడా అలాగే అనుకోనిచ్చేది. "బాగా ఆపారండీ" అని మెచ్చుకునేది కూడా.

జబ్బు విషయంలోనూ అదే చేసింది, పక్కవాళ్ళకు తెలియనివ్వలేదు. సీటు బెల్టు ఒరుసుకునే చోట రొమ్ము పక్కన గడ్డ తగిలితే, బెల్టు వల్ల కాయ కాచిందని సరిపెట్టుకుంది. బెల్టుకు మెత్తటి గుడ్డ తొడుగు కుట్టించుకుంది. నేను జీవశాస్త్రం చదివినదాన్ని, పక్క వీధిలోనే ఉంటాను, అయినా నాతో ఒక్క మాట అనలేదు. అప్పుడు మా పాప పొత్తిళ్ళలో ఉంది. "చంటిపిల్లతో నిద్రల్లేక చస్తున్నావు. ఇది కూడా నీ నెత్తిన పెట్టడమెందుకని" అంది, డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాక. పరీక్షలో క్యాన్సరని తేలింది. ముందు వారం వారం మందు ఎక్కిస్తాం, మధ్యలో స్కాన్ తీసి చూస్తాం, ఆ తర్వాత ఆపరేషన్ అన్నారు. బాబాయి పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి వెంట వెళ్ళేది నేనే.

మందు ఎక్కించే గదిలోకి పిల్లల్ని రానివ్వరు. పాపను ఎత్తుకుని గాజు తలుపు బయట వరండాలో తిరిగేదాన్ని. పాపకు ముక్కు కారుతోందంటే ఆ వారం ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కేదాన్ని కాదు. ఆ మందు మీద ఉన్నవాళ్ళకు తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, మన జలుబు వాళ్ళకు జలుబుతో పోదు. మావారికి సెలవు దొరికిన రోజున మాత్రం పాపను ఆయనకు అప్పగించి లోపలికి వెళ్ళేదాన్ని.

లోపల కిటికీ వెంబడి నాలుగు వాలు కుర్చీలు. మొదటి దాంట్లో లెక్కల మాష్టారు, పేగులో జబ్బు. రెండో దాంట్లో బేకరీ నడిపే ఆవిడ, అందరికీ బేకరీ అక్క. మూడో దాంట్లో పిన్ని. నాలుగోది ఖాళీ. అందులో కూర్చునే ఆయన ఒకరోజు అందరి ఫోన్లకూ 'ఇక మందు ఆపేస్తున్నారు' అని ఒక ముక్క పంపి, మళ్ళీ రాలేదు. ఆ రోజున బేకరీ అక్క ఒక రూలు పెట్టింది. "మంచైనా చెడైనా ఫోన్లో చెప్పడానికి వీల్లేదు. ఇక్కడికొచ్చి, ఈ కుర్చీలో కూర్చుని, మా మొహాలు చూసి చెప్పాలి. ఏడవాల్సొస్తే అందరం ఏడుద్దాం."

బేకరీ అక్కకూ పిన్నికీ ఒకే జబ్బు, ఒకే మందు. మొదలైంది ఒకే వారం, జుట్టు రాలిందీ ఒకే వారం. ఆ మందుకు నరాలు మొద్దుబారడం ఉంది. అక్కకు అది చేతివేళ్ళకు పట్టింది, పిండి ఎంత నానిందో తెలియడం మానేసింది. పిన్నికి పాదాలకు పట్టింది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. కారు నడపడం మాన్పించాం, స్కూలుకు సెలవు పెట్టించాం.

ఒకసారి నేను లోపల ఉన్నప్పుడే అక్క సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో కట్టిన పిండిముద్ద తీసి పిన్ని పాదం కింద పెట్టింది.

"తొక్కు. బ్రేకు అనుకో. మెత్తగా."

"తొక్కుతూనే ఉన్నానక్కా."

"ఏం తొక్కావే! అప్పడం చేసి పెట్టావు. ఇట్లా తొక్కితే పక్కన కూర్చున్నవాడి పళ్ళూడతాయి. మళ్ళీ తొక్కు."

"అమ్మా, ఒక్క మనవి" అన్నారు మాష్టారు కళ్ళు తెరవకుండానే. "ఆ పిండి సాయంత్రం రొట్టెల్లో కలవదు కదా?"

"మీకు పంపేదాంట్లోనే కలుస్తుంది మాష్టారూ. రుచి పోయిందని రోజూ ఏడుస్తున్నారుగా, కాస్త రుచి తగలనీండి."

నవ్వుకు పిన్ని చేతికున్న గొట్టం ఊగింది. నర్సు వచ్చి కసిరింది. అంతా అయిపోయాక తనకు కారు నేర్పాలని అక్క అడిగింది, నేర్పుతానని పిన్ని మాటిచ్చింది.

మధ్య స్కాన్ ఇద్దరికీ ఒకే వారంలో తీశారు. పిన్నికి డాక్టరు చెబుతున్నప్పుడు పక్కన నేనూ ఉన్నాను. గడ్డ వెతికితే తప్ప కనిపించడం లేదట. గదిలోంచి బయటికొస్తూ పిన్ని అన్న మొదటి మాట, "అక్కకు చెప్పాలి." పాప ఏడుస్తోందని నేను వరండాలో ఆగిపోయాను. గాజు తలుపు తోసుకుని ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్ళింది.

లోపల జరిగింది ఇంటికెళ్ళేటప్పుడు కారులో చెప్పింది. అక్క అప్పటికే తన స్కాన్ సంగతి చెప్పేసిందట. గడ్డ తగ్గలేదు, పెరిగింది, మందు మార్చాలన్నారు. కొత్త మందు పై అంతస్తులో, వేరే రోజున ఎక్కిస్తారు. మాష్టారు అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నారట. పిన్నిని చూసి అక్క, "రావే డ్రైవరూ, నీదేమన్నారు?" అంది.

"ఫోటోలు సరిగ్గా రాలేదట. మళ్ళీ చెబుతామన్నారు" అంది పిన్ని.

"ఎందుకన్నావు పిన్నీ?" అన్నాను.

"అనాలనుకోలేదే. ఎదురుగా ఏదో అడ్డం వచ్చినట్టు అనిపించింది. నోరు కూడా నా కాలు లాగే పనిచేసింది." ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆవిడ పాదం నేలను అదుముతూనే ఉంది. ముందు బండ్లేవీ లేవు.

"వచ్చే వారం చెప్పెయ్."

"చెబుతాను."

ఆ పై వారం అక్క రాలేదు. పై అంతస్తుకు మారిపోయి ఉంటుందనుకుంది పిన్ని. రెండుసార్లు ఫోన్ చేసి అక్కే అడిగింది, "తేలిందా?" అని. ఫోన్లో చెప్పకూడదన్న రూలు పిన్నికి బాగా అక్కరకొచ్చింది. "ఇంకా లేదక్కా" అని ఊరుకుంది. నీ మందు ఎలా ఉందని అడగకుండా ఉండటానికి కూడా అదే రూలు అడ్డం పెట్టుకుంది. పిన్ని గురించి మంచే రాయాలని ఉంది కానీ, ఈ ముక్క వదిలేస్తే రాసింది పిన్ని గురించి కాకుండా పోతుంది.

నిజం మాష్టారి నోటివెంట వచ్చింది. ఆ రోజు నేను లోపలే ఉన్నాను. పిన్నికి సూది గుచ్చడం అయ్యాక ఆయన గొంతు తగ్గించి, "నీ ఫోటోల సంగతి త్వరగా తేల్చమని గట్టిగా అడగమ్మా" అన్నారు. "బేకరీ ఆవిడ నీకోసం ఆగి కూర్చుంది."

"ఆగడమేమిటి? పైన మొదలుపెట్టలేదా?"

"ఎక్కడ! రొట్టెల కోసం వెళ్తే చెప్పింది. కొట్లో పని ఉందని డాక్టరుతో వాయిదాలు వేయిస్తోంది. ఇద్దరిదీ ఒకే మందు, ఒకే కథ, నీదీ పనిచేసి ఉండదని ఆవిడ నమ్మకం. ఆ మెట్లు ఒక్కదాన్నే ఎక్కలేను, డ్రైవరమ్మ వస్తే ఇద్దరం కలిసి ఎక్కుతామంటుంది."

పిన్ని చేతి నుంచి సూది తీసేదాకా మందు చుక్కలు పడటాన్నే చూస్తూ కూర్చుంది. మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని, "నువ్వు చదువుకున్నావుగా. ఇన్ని వారాలు మందు లేకపోతే ఏమవుతుంది?" అంది.

ఏమీ కాదని చెప్పి ఉంటే ఆవిడ నమ్మేది. కానీ కొన్ని గడ్డలు అన్నాళ్ళూ కదలకుండా ఉంటాయి, కొన్ని ఉండవు. అక్కది ఏ రకమో అక్క ఒంటికే తెలియాలి. "తెలియదు పిన్నీ" అన్నాను.

"ఎంతో కొంత తెలుస్తుందిగా."

"నిజంగా తెలియదు."

మర్నాడే నేనే కారు నడిపి బేకరీకి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ. అక్క తలకు గుడ్డ కట్టుకుని బల్ల మీద పిండి కోస్తోంది. పాపను చూడగానే వేడి బన్ను విరిచి చేతిలో పెట్టబోయింది. నేను దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేస్తుంటే నవ్వింది. "మీ అమ్మ నిన్ను గాలి కూడా నమిలి మింగమంటుందే" అంది పాపతో. తర్వాత పిన్ని మొహం చూసింది. కత్తి పక్కన పెట్టింది.

"తేలిందన్నమాట. కూర్చో. పోనీలే, పైన కిటికీ ఇంకా పెద్దదట."

"తగ్గిందక్కా."

"ఏం తగ్గింది?"

"గడ్డ. దాదాపు లేదన్నారు."

అక్క మొహంలో నవ్వే వచ్చింది. రావడం నేను చూశాను. "ఒసేయ్! ఆ మాట ఇంత ఏడుపు మొహంతో చెబుతావేమే? ఎప్పుడన్నారు, ఇవాళేనా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది. "నువ్వు చెప్పిన రోజే. నువ్వు అడిగేసరికే తెలుసు నాకు."

లోపల పొయ్యి దగ్గర పనివాడు రేకులు సర్దుతున్నాడు. అక్క బల్ల మీద ముక్కలను ఒక్కొక్కటే తీసి మళ్ళీ ఒకే ముద్దగా కలిపేసింది. ఎందుకు కలుపుతోందో ఆవిడకూ తెలిసినట్టు లేదు.

"నేనేడుస్తానని దాచావా?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయానక్కా."

"ఏడిచేదాన్నే. ఆ పూటంతా ఏడిచేదాన్ని. నిన్ను నాలుగు తిట్లు కూడా తిట్టుకునేదాన్ని, దీనికే ఎందుకు తగ్గాలని. మర్నాడు లేచి మందు ఎక్కించుకోవడానికి పోయేదాన్ని." గొంతు పెంచలేదు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. "జాలిపడమని నిన్నెవరడిగారు? నేను పెట్టిన రూలునే నామీద వాడావు."

"నువ్వు ఆగుతావని నాకు తెలియదు. నిజంగా..."

"తెలుసుకోకూడదని తెలుసుకోలేదు నువ్వు." పిండి చేతులు కడుక్కోవడానికి లోపలికి పోతూ, "పాపకు ఎండ తగులుతోంది. తీసుకెళ్ళండి" అంది.

అక్క ఆ వారమే పైన మందు మొదలుపెట్టింది. అక్క మందు రోజున పిన్నికి అక్కడ పనేమీ ఉండేది కాదు. అయినా వెళ్ళి మెట్ల మొదట్లో బెంచీ మీద కూర్చునేది. అక్క ఆవిడ ముందు నుంచే ఎక్కిపోయేది, ముందు నుంచే దిగేది. పలకరించేది కాదు. పిన్ని కూడా కాళ్ళావేళ్ళా పడలేదు. ఇంట్లో మాత్రం అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. ఒంటి మీద చెయ్యి వేసి గడ్డ ఉండే చోటు తడుముకునేది. బాగుందో లేదో చూసుకోవడం కాదది. బాగుండటమే తప్పయినట్టు తడుముకునేది. "అక్క వారాలు నేను తినేశాను" అంది ఒకసారి.

ఒకరోజు దిగివస్తూ అక్క మెట్ల మీదే ఆగింది. వాంతులతో మొహం పీక్కుపోయి ఉంది.

"కారు నేర్పుతానన్నావుగా."

"అంతా అయ్యాకన్నావు."

"అయ్యేదాకా ఆగను. నీమూలంగా ఆగింది చాలు. ఎల్లుండి."

నేను వద్దని మొత్తుకున్నాను. ఒకరికి వేళ్ళు తెలియవు, ఒకరికి పాదాలు తెలియవు, ఇద్దరూ ఒకే కారులో ఏమిటన్నాను. "ఇద్దర్నీ కలిపితే ఒక పూర్తి మనిషి వస్తుందిలే" అంది అక్క. చివరికి డ్రైవింగ్ స్కూలు వెనక ఖాళీ మైదానంలో, రెండు బ్రేకులున్న స్కూలు కారులోనే, మనిషి నడక కంటే నెమ్మదిగా మాత్రమే అని ఒప్పుకున్నాను. నేను పాపను ఎత్తుకుని కంచె ఇవతల నిలబడ్డాను. కారు అద్దాలు దించే ఉన్నాయి, మాటలు వినిపిస్తున్నాయి.

రోడ్డు మీద పెట్టే ఎర్రటి కోన్ల మధ్య నుంచి కారు ఒక వరస దాటింది. రెండో వరసలో మూలుగుతూ ఆగింది. కదిలింది, మళ్ళీ ఆగింది.

"నేను తొక్కలేదు" అంది అక్క. "నువ్వు తొక్కావా?"

"లేదక్కా."

"మరి ఎందుకాగింది?"

పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టి చక్రం వైపు చూసింది.

"కాలు తీశావా?"

"తీశాననే అనుకుంటున్నా."

"అనుకోవడమేమిటి? చూడు."

పిన్ని తల సీటు కిందికి వంగడం నాకు కంచె ఇవతల నుంచి కనిపించింది. పాదం బ్రేకు మీదే ఉందనీ, అది తన కాలేనని నమ్మడానికి చేత్తో పట్టుకుని చూసుకోవాల్సి వచ్చిందనీ తర్వాత చెప్పింది. ఆవిడ తల చాలాసేపు పైకి రాలేదు. అక్క స్టీరింగ్ మీంచి చేతులు తియ్యలేదు, పక్కకు చూడలేదు.

"తీశావా?"

"తీశాను."

"అయితే పోనిస్తున్నా" అంది అక్క. కారు ఒక్క కుదుపుతో ముందుకు కదిలింది.