పోచమ్మ తోపు వేపాకు

చందానగర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక పోచమ్మ తోపు ఉండేది. అన్నీ వేపచెట్లే. "ఆ తోపుల పుల్ల ఇరిస్తే ఒంటి మీద అమ్మ పోస్తది బిడ్డా" అనేది అక్కడే పుట్టిపెరిగిన మా నాయనమ్మ. ఆ భయంతోనే పళ్లు తోముకోవడానికి కూడా ఎవరూ అక్కడ పుల్ల విరిచేవారు కాదు.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు మాదాపూర్‌లో పెద్ద ఉద్యోగి. "ఈ కాలంలో కూడా ఈ పుక్కిటి పురాణాలేంటండీ?" అని నవ్వి, కార్ల పార్కింగ్ కోసం చెట్లన్నీ కొట్టించాడు. అడ్డుపడినందుకు మీటింగులో అందరి ముందూ నన్ను ఎగతాళి చేశాడు. నేను మరిచిపోలేదు.

మొన్న ఎండాకాలంలో ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో నీరసం.

"నాకు అమ్మవారు పోసిందండీ. రేపు తలకు పోసుకోవాలి. కాసిని వేపాకులు ఎక్కడైనా దొరుకుతాయాండీ?"

అప్పుడు నేను బాల్కనీలో ఉన్నాను. ఆ తోపు గింజ నాటి కుండీలో పెంచిన వేపమొక్క గుబురుగా నా మోచేతికి తగులుతోంది.

"మస్తుగుంటయి సార్," అన్నాను. "జర మీ కారు పక్కకు తీసి, కింద తవ్వి చూడుండ్రి."