గేటు తీసేసిన చోటు

ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో ముదలియార్‌పేటలోని ఈ చిన్న పార్కు బల్లల నుంచి తారునూనె వాసన వస్తుంది. పాత రైలు స్లీపర్లతో చేసిన బల్లలవి. ఎన్నిసార్లు రంగు వేసినా వాసన పోలేదు. వచ్చినవాళ్ళు ముక్కు చిట్లించి సిమెంటు అరుగుల వైపు జరుగుతారు. నేను బల్ల మీదే కూర్చుంటాను. మా ఇంటి వాసన అది.

డెబ్బైల్లో ఇక్కడ రైల్వే గేటు ఉండేది. పెద్ద లైను నుంచి చీలిన పట్టాలు రోడ్డును అడ్డంగా దాటి బట్టల మిల్లులోకి పోయేవి. మా నాయన ఆ గేటు కావలి. గేటు పక్కనే రైల్వేవాళ్ళు ఇచ్చిన ఒంటిగదిలో అమ్మ, నాయన, నేను, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నదైన చెల్లెలు పద్మ ఉండేవాళ్ళం. గడప నుంచి పట్టాలకు నాలుగడుగులు. ఎండాకాలంలో స్లీపర్ల నూనె మా పావడా అంచులకు అంటేది, కార్తీకం వానల్లో పట్టాల మధ్య నీళ్ళు నిలిచి తెల్లవార్లూ కప్పలు అరిచేవి, పొంగలి నాడు అమ్మ వాకిట్లో పాలు పొంగిస్తుంటే ఇంజను నుసి కుండలో పడకుండా నేను చాట అడ్డం పెట్టి నిలబడేదాన్ని.

పత్తి బేళ్ళ వ్యాగన్లు రోజుకు రెండుసార్లు వచ్చేవి. వచ్చాక ముందుకూ వెనక్కూ కదులుతూ రోడ్డు మీదే చాలాసేపు ఉండేవి. నడక వచ్చిన కొత్తలో పద్మ, ఆగి ఉన్న ఒక వ్యాగను కిందికి దూరింది. నాయన కాలు పట్టి లాగాడు, మరుక్షణం చక్రం కదిలింది. ఆనాటి నుంచి గేటు పడిందంటే చాలు, అమ్మ ఒక పాత చీరతో పద్మ నడుము కట్టి, రెండో కొసను కిటికీ కమ్మీకి ముడివేసేది. చీర అందినంత మేరే దాని ఆట. గేటు పక్కనున్న గంగరావి చెట్టు ఆకు చుట్టి పీక చేసిస్తే, కట్టు విప్పేదాకా ఊదుతూ కూర్చునేది.

గేటు దగ్గర ఆగినవాళ్ళు ఊరికే ఉండేవాళ్ళు కాదు. బజారులో నూలు కొట్టు ఉన్న కన్నయ్య శెట్టి సైకిలు దిగి అరిచేవాడు: “ఏందయ్యా మునిరత్నం! నీ పెండ్లాం బిడ్డని కట్టేసింది, నువ్వు ఊరినే కట్టేస్తివే!”

“ఇప్పితే రెండూ పట్టాల మీదికే గదా పోయేది, సెట్టియారే!” అనేవాడు నాయన.

మాసి మగం పండక్కి విల్లియనూరు వైపు నుంచి సముద్ర స్నానానికి ఊరేగింపుగా పోయే దేవుళ్ళు కూడా మా గేటు దగ్గర ఆగవలసిందే. అమ్మ కర్పూరం వెలిగించి, మోసేవాళ్ళకు గుగ్గిళ్ళు పంచేది. నాయన ఒక చేత్తో పచ్చ జెండా పట్టుకుని, రెండో చేత్తో లెంపలు వేసుకునేవాడు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు శెట్టీ మరికొందరూ కలిసి అర్జీ రాశారు. మిల్లు పత్తి లారీల్లో తెప్పించుకోవచ్చు, పట్టాలూ గేటూ తీసేసి ఆ జాగా పిల్లలు ఆడుకోవడానికి వదలాలని అందులో ఉంది. సంతకాలు ఎక్కడ తీసుకోవాలి? అందరూ ఆగేది గేటు దగ్గరే గనుక, కాగితం తెచ్చి నాయన చేతికే ఇచ్చారు. ఆయన దాన్ని మా స్టూలు మీద పరిచాడు. నా చేతిరాత బాగుంటుందని, సంతకం రానివాళ్ళ పేర్లు నన్ను రాయమన్నారు. గేటు పడ్డప్పుడల్లా వరసగా రాశాను, పేరు ముందు పొడి అక్షరంతో సహా, గర్వంగా. గేటుతోపాటు మా ఇల్లూ పోతుందని నాకు తోచలేదు. నాయనకు తెలుసు. చెప్పలేదు.

మూడో రోజు అమ్మ పద్మ ముడి విప్పుతూ అడిగింది. “ఏంది పాపా రాసేది?”

అర్జీ తమిళంలో ఉంది. మా తెలుగు మాటల్లో చెప్పాను. అమ్మ నాయన వైపు తిరిగింది. “మరి ఇల్లు?”

“గేటే లేకుంటే గేటుకాడ ఇల్లు యాడిది? ఇంకో తావు చూసుకోవాల.”

అమ్మ విప్పిన చీర మడతపెట్టింది. “పట్టాలు పెరికేస్తే ఈడ పిల్లోళ్ళు ఆడుకుంటారా?”

“ఆడుకుంటారు.”

“ఐతే నా పేరు రాయి పాపా.”

“ఏమే, మన ఇల్లు తియ్యమని మనమే రాసిచ్చేదా?”

“నువ్వు రాయబాక, గవర్మెంటోడివి. ముడేసేది నేను గదా, నేను రాస్తా.”

ఎం. రాజమ్మాళ్ అని రాశాను. పక్కన వేలిముద్ర వేసింది.

రెండేళ్ళకు పట్టాలు పెరికారు. ఇల్లు ఖాళీ చేసిన రోజు, కిటికీ కమ్మీకి ముడి పడేచోట రంగు పోయి ఇనుము మెరుస్తుండడం చూశాను. అమ్మ ఆ చీరతోనే గిన్నెల మూట కట్టింది. విల్లియనూరులో చిన్న అద్దె ఇంటికి పోయాం. ఇంకా చాలా ఏళ్ళకు ఈ జాగాలో ఊయలలు పడేసరికి పద్మ ఊయల వయసు దాటిపోయింది. అది ఇక్కడ ఒక్కరోజూ ఆడలేదు.

అమ్మా నాయనా ఇప్పుడు లేరు. మిల్లూ లేదు. గంగరావి చెట్టు కొట్టేశారు, ఆకుతో పీక చేయడం ఇప్పటి పిల్లలకు తెలియదు. దేవుళ్ళు ఆగకుండా పోతారు. పద్మకు ఆ ఇల్లు గుర్తు లేదు, నడుముకు చీర బిగుసుకోవడం మాత్రం గుర్తుందంటుంది.

నిన్న సాయంత్రం రెండేళ్ళ పిల్ల ఒకతె సరిగ్గా పట్టాలు ఉన్నచోటికి పరుగెత్తింది. నేను సగం లేచాను. బల్లకు ఆ చివర పూలు కడుతున్న తల్లి తలైనా ఎత్తలేదు.

“కూచో పెద్దమ్మా,” అంది. “యాడికి పోతాది?”