కొలిసేయో కప్పులోని నల్లగుడ్డ

మా ఊరి కొలిసేయో కప్పుకున్న ప్రతి చిల్లుకూ ఒక కథ ఉందని నాకు చెప్పింది డోన్యా ఎవుసేబియా. డోన్యా అంటే మా దగ్గర అమ్మగారనడం. ముప్పయ్యేళ్లుగా ఆ ఆటల మందిరం నేల తుడిచేది ఆవిడే. గ్యాలరీ మెట్ల కింది గదే ఆవిడ ఇల్లు. తలుపు దగ్గర కారేది సర్కస్ వాళ్లు ఊయల తాడు కట్టిన చోటు. మూల కారేది అందాల పోటీకి లైట్లు వేలాడదీసిన చోటు. వరదల ఏడాది నాలుగు వందల మంది రెండు నెలలు లోపలే వండుకు తిన్నారు. వాళ్ల పొగగొట్టం చిల్లు ఇంకొకటి. నేను చాలా దేశాల్లో కోటలూ గుళ్లూ చూశాను గాని, ఒక ఊరి చరిత్రను బకెట్లతో పట్టడం ఇక్కడే చూశాను.

ఒక్క చిల్లు ఊసు మాత్రం ఆవిడ ఎత్తదు. కొచబాంబా పట్నం దారిలో బస్సు లోయలో పడినప్పుడు పదకొండు శవపేటికలు ఇక్కడే వరసగా పెట్టారు. కప్పు రేకు తొలిచి దూలానికి బోల్టు బిగించి నల్లగుడ్డ వేలాడదీశారు. ఆ పేటికల్లో ఒకటి ఆవిడ భర్త కసిమీరోది. తర్వాత గుడ్డ తీసేశారు గాని ఒక పేలిక బోల్టుకే ఉండిపోయింది. చిల్లు పూడ్చడానికి వచ్చిన వాళ్లందరినీ ఆవిడ వెనక్కి పంపేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం బాస్కెట్‌బాల్ సెమీఫైనల్. నీళ్లు కారి ఇంకొక్క ఆట ఆగిందా, మందిరానికి తాళమేనని ఆటల సంఘం ఉత్తరం రాసి ఉంది. తాళం పడితే ఆవిడ గదికీ పడుతుంది. మూడో భాగంలో వడగళ్లు మొదలయ్యాయి. ఫ్రీ త్రో గీత మీద టప్పున చుక్క పడింది. రిఫరీ వాల్దా ఈల వేశాడు.

"పావుగంట ఇస్తున్నా. ఆరకపోతే ఆట రద్దు."

"డోన్యా, ఒక పడవ కూడా తెచ్చుకో!" గ్యాలరీలోంచి ఎవడో అరిచాడు.

"నువ్వెక్కితే మునుగుతుందిలే," అంటూ ఆవిడ తుడుపుకర్ర నేలకి ఆనించింది.

"సర్కస్ వాళ్ల చిల్లేలే. అన్నిటికీ వాళ్లే," అంటూ మా జట్టు కోచ్ ఇద్దరిని నిచ్చెన ఎక్కించాడు. వాళ్లు తలుపు దగ్గరి చిల్లులో తారు కుక్కి దిగారు. చుక్క పడుతూనే ఉంది. ఆవిడ తుడుస్తోంది, నేల మళ్లీ తడుస్తోంది. ఏడు నిమిషాలు మిగిలాయి.

నేను దగ్గరికి వెళ్లాను. "డోన్యా, అది సర్కస్ చిల్లు కాదు కదా?"

ఆవిడ తుడవడం ఆపింది. "కాదు," అంది. తుడుపుకర్ర నా చేతికిచ్చి, సామాన్ల గదిలోంచి పాత వాలీబాల్ నెట్ తాడు భుజాన వేసుకుని వచ్చింది.

లైట్లు మార్చే ఇనుప నడవ మీదికి నిచ్చెన ఎక్కింది. కింద నేను పట్టుకున్నాను.

"కిందకి చూడకు డోన్యా."

"ముప్పయ్యేళ్లుగా కిందకే చూస్తున్నానయ్యా."

నీళ్లు ఆ పేలిక కొస నుంచే కారుతున్నాయి. దాని ముడి నానిపోయి ఊడి రావడం లేదు. మూడు నిమిషాలు. ఆవిడ వంగి ముడిని పళ్లతో పట్టింది. రెండు. ముడి ఊడింది. బోల్టుకు తాడు కట్టి రెండో కొస విసిరింది. దాన్ని నేను బంతి వేసే బుట్ట వెనకున్న కమ్మీకి కట్టి కింద బకెట్ పెట్టాను. నీళ్లు తాడు వెంబడి జారి బకెట్లో పడసాగాయి.

ఆవిడ దిగి గీత దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. మిగిలిన తడిని ఆ నల్లపేలికతోనే తుడిచింది.

వాల్దా అక్కడ బూటు పెట్టి గట్టిగా తిప్పాడు. ఆరిన నేల కీచుమంది.

"ఆడండి," అన్నాడు.

సోమవారం ఆ చిల్లు పూడ్చడానికి రేకుల మేస్త్రి వచ్చాడు. నిచ్చెన ఆవిడే పట్టుకుంది.